తెడ్లు పట్టిన సైనికులు

డెలవేరు నదిని దాటుచున్న జార్జి వాషింగ్టను చిత్రపటమును మనలో చాలమంది ఎప్పుడో ఒకప్పుడు ఏదో పుస్తకమున చూచియే యుందుము. జర్మనీ దేశపు డ్యూసెల్‌డార్ఫు నగరమున ఇమాన్యుయేల్ లాయిట్జె అను చిత్రకారుడు 1851లో ముగించిన పటమది. మంచుగడ్డలు తేలుచున్న నదిలో ఒక చిన్న పడవ. అందు నిటారుగా నిలిచి ఆవలి యొడ్డును చూచుచున్న సేనాని. అతని వెనుక రెపరెపలాడు జెండా. విమర్శకులు ఆ పటమున తప్పులు చాల ఎన్నిరి. సైన్యము నది దాటినది 1776 డిసెంబరులో. ఆ జెండా పుట్టినది 1777 జూన్‌లో. దాటినది పగటి వెలుతురున కాదు, నడిరేయి చీకటిలో. సైనికులను దాటించిన పడవలును అంత చిన్నవి కావు.

మేము ఎన్నదలచిన తప్పు వేఱొకటి కలదు. అది చిత్రకారునిది కాదు, చూచువారిది. మన చూపు నిలిచియున్నవానిపైననే నిలుచును. ఆ పడవలో కూర్చుండి, నడుములు వంచి, తెడ్లు వేయుచు, మంచుగడ్డలను త్రోయుచున్నవారు కలరు. వారిలో ఒకడు నల్లజాతివాడు. చిత్రకారుడు వారిని మఱవలేదు, మనమే మఱచితిమి. వారెవరు? ఆ రాత్రి అక్కడి కెట్లు వచ్చిరి? పని ముగిసిన పిమ్మట ఏమైరి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

అమెరికా ఈశాన్య తీరమున మాసచూసెట్సు రాష్ట్రమున, బోస్టను నగరమునకు ఉత్తరముగా, మార్బుల్‌హెడ్ అను ఊరు కలదు. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతిగుట్టపై కట్టిన ఊరది. పంటకు నేల చాలదు. అందుచేత ఆ ఊరివారికి సముద్రమే పొలము. వసంతమున స్కూనరులను రెండు కొయ్యల తెరచాప ఓడలలో బయలుదేరి, వందల మైళ్ల దూరమున న్యూఫౌండ్‌లాండు దరి మెట్టసముద్రమున కాడ్ చేపలను గాలములతో పట్టెడివారు. పట్టిన చేపను ఉప్పువేసి తెచ్చి, ఒడ్డున కఱ్ఱపందిళ్లపై ఎండబెట్టెడివారు. మేలురకపు ఎండుచేప స్పెయిను, పోర్చుగలు దేశములకు పోయెడిది. నాసిరకము వెస్టిండీసు దీవులకు, చెఱకుతోటలలో బానిసలుగా పడియున్నవారి ఆహారమునకై పోయెడిది. ఈ రెండవ మాట చెప్పక విడుచుట న్యాయము కాదు. స్వేచ్ఛకై పోరాడిన ఆ ఊరి అన్నములో బానిసత్వపు వ్యాపారపు పాలుకూడ కలదు.

బెస్తల జీవనము ఎక్కడనైనను ఒక్కటే. లాభము మొదట ఓడ యజమానిని, సరకు అరువిచ్చిన వర్తకుని చేరును; నష్టము మొదట ఓడలోనివానిని చేరును. 1768, 1769 సంవత్సరములలో తుపానులకు చిక్కి ఆ ఊరి ఓడలు ఇరువదికి పైగా తిరిగి రాలేదు. ఊరిలో ఆ యేండ్ల పెరిగిన విధవల సంఖ్యను, తండ్రి లేని పిల్లల సంఖ్యను మన తీరమున తుపాను చూచినవారికి వేఱుగ వర్ణింప పనిలేదు.

అట్టి ఊరిని యుద్ధములోనికి దింపినది చట్టము. 1773 డిసెంబరులో బోస్టను రేవున ఈస్టిండియా కంపెనీ వారి తేయాకు పెట్టెలను ప్రజలు నీటిపాలు చేసిరి. 1766లో నిజాముతో ఒడంబడిక చేసికొని మన ఉత్తర సర్కారులను కైవసము చేసికొన్న కంపెనీయే అది. దానికి ప్రతిగా ఆంగ్లప్రభుత్వము 1774 జూన్‌లో బోస్టను రేవును మూసివైచెను. 1775 మార్చిలో మఱియొక చట్టము వచ్చెను. దాని ప్రకారము న్యూఇంగ్లండు బెస్తలు ఆ యేడు జూలై 20వ తేదీనుండి న్యూఫౌండ్‌లాండు దరి చేపలు పట్టరాదు. వలస రాష్ట్రముల హక్కులను గూర్చిన వాదములు ఎందరి చెవి కెక్కినవో చెప్పలేము కాని, ఈ చట్టము మాత్రము ప్రతి యింటి పొయ్యికి తెలిసెను. ఒక పూటలో ఊరంతయు పని లేనిదయ్యెను.

ఐనను ఆ ఊరు ఒక్కత్రాటిపై నడిచెనని అనుకొనరాదు. 1773లో అక్కడ మశూచి ప్రబలెను. జెన్నరు టీకా అప్పటికి పుట్టలేదు. రోగి పొక్కునుండి తీసిన రసమును ఆరోగ్యవంతునికి గ్రుచ్చి, తేలికగా వ్యాధి తెప్పించి కాపాడుటయే నాటి పద్ధతి. ఊరి పెద్దలు నలుగురు కలసి సమీపమున నున్న క్యాట్ ద్వీపముపై అందుకొక ఆసుపత్రి కట్టించిరి. ఆ నలుగురిలో జాన్ గ్లోవరు ఒకడు. చికిత్సకు సొమ్ము కావలెను. అది పేదల కందుబాటులో లేదు. ఆసుపత్రినుండి వ్యాధి ఊరిలోనికి ప్రాకునని జనము భయపడెను. 1774 జనవరిలో ఒక రాత్రి కొందరు ఆ ద్వీపమునకు పోయి ఆసుపత్రిని తగులబెట్టిరి. సంవత్సరమున్నర గడువకముందే ఆ ఊరి జనము ఆ గ్లోవరు వెంటనే యుద్ధమునకు నడచెను. కోపమును మఱచి కాదు, అవసరము కోపము కంటె పెద్దదగుటచే.

గ్లోవరు పుట్టుకతో ధనికుడు కాడు. 1732లో సేలం పట్టణమున జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. మార్బుల్‌హెడ్‌లో చెప్పులు కుట్టు వృత్తి నేర్చి, పిదప మద్యపు వర్తకము చేసి, క్రమముగా ఓడలకు యజమాని అయ్యెను. ఊరి సైన్యమునకు నాయకుడుగా నున్న జెరెమయా లీ 1775 మే నెలలో జ్వరముతో మరణింపగా, ఆ పదవి గ్లోవరుకు వచ్చెను. జూన్‌లో ఆ పటాలము బోస్టను ముట్టడికై కేంబ్రిడ్జికి నడచెను. 1776 జనవరి 1వ తేదీనుండి అది దేశసైన్యమున పదునాల్గవ పటాలమని పేరొందెను.

వారి వేషము వేఱు. పొట్టి నీలపు చొక్కాలు, నీరు పట్టకుండ తారు పూసిన లాగులు: ఓడపై తొడిగినవియే యుద్ధమునకును తొడిగిరి. వారిలో నల్లజాతివారును, ఆదిమజాతులవారును ఉండిరి. ఓడపై గాలము వేయు చేతికి రంగు లేదు కదా! పెన్సిల్వేనియాకు చెందిన అలెగ్జాండరు గ్రేడను అను అధికారి న్యూఇంగ్లండు దళముల క్రమరాహిత్యమును చూచి ఏవగించుకొనెను. గ్లోవరు పటాలము ఒక్కటి మాత్రము క్రమశిక్షణ కలదని తన జ్ఞాపకములలో మెచ్చుకొనెను. మెచ్చుకొనుచునే, అందు నల్లవారుండుట తనకు రుచింపలేదనియు వ్రాసెను. మెప్పును, దురభిమానమును ఒకే కలమునుండి వచ్చినవి.

ఆ క్రమశిక్షణ కవాతు మైదానమున పుట్టినది కాదు. చిన్న ఓడలో కొద్దిమంది నెలల తరబడి నడిసముద్రమున బ్రతుకవలెను. గాలి మాఱినప్పుడు తెరచాప దింపుమన్న కేక విని క్షణము తడసినవాడు తానొక్కడే మునుగడు, అందఱిని ముంచును. ఆజ్ఞ అనునది పెద్దవాని దర్పము కాక ప్రాణరక్షణమని వారు చిన్ననాటనే నేర్చిరి.

వారు సాధువులును కారు. దక్షిణమునుండి వచ్చిన వర్జీనియా తుపాకిదళము వారి కుచ్చుల చొక్కాలను చూచి మార్బుల్‌హెడ్ బెస్తలు నవ్విరట. మంచుముద్దలు రువ్వుకొనుటతో మొదలై ముష్టియుద్ధమయ్యెను. వాషింగ్టను స్వయముగా గుఱ్ఱము దిగి ఇద్దరిని గొంతుక పట్టి విడదీసెనని, నాడు పదేండ్ల బాలుడుగా సైన్యమున నుండిన ఇజ్రాయెల్ ట్రాస్కు వృద్ధుడైన పిదప చెప్పెను. ఆ మాట అతడు ఎందుకు చెప్పవలసివచ్చెనో ఈ ప్రసంగాంతమున మనకు తెలియును.

1775 సెప్టెంబరులో గ్లోవరుకు చెందిన హన్నా అను స్కూనరును వాషింగ్టను అద్దెకు తీసికొని, ఫిరంగులు పెట్టించి, శత్రువుల సరకు ఓడలను పట్టుటకు పంపెను. హన్నా అనునది గ్లోవరు భార్య పేరు. ఆ ఓడవారు మొదట పట్టిన ఓడ స్వపక్షమునకే చెందిన వర్తకునిదని తేలెను. దానిని శత్రువులు పట్టుకొనగా వీరు విడిపించినట్లయ్యెను. కొల్లసొమ్ములో పాలు లేదని చెప్పగా నావికులు తిరుగబడిరి. విచారణ జరిగెను, శిక్షలు పడెను. దేశభక్తియు, ఇంటి ఆకలియు వారి మనసులలో ప్రక్కప్రక్కనే యుండినవనుటకు ఇది నిదర్శనము.

ఇక వారి విద్య లోకమునకు తెలిసిన రెండు రాత్రులను గూర్చి చెప్పుదుము.

మొదటిది 1776 ఆగస్టు 29వ తేదీ రాత్రి. అంతకు రెండు దినముల ముందు న్యూయార్కు నెదుట లాంగ్ ఐలండుపై వాషింగ్టను సైన్యము ఘోరముగ ఓడెను. మిగిలిన సుమారు 9,000 మంది బ్రూక్లిను గుట్టలపై చిక్కుకొనిరి. ఎదుట ఇరువది వేలకు పైబడిన ఆంగ్లసైన్యము. వెనుక మైలు వెడల్పు నీరు. దానికి ఈస్టు నదియని పేరే కాని, నిజమునకు అది సముద్రపు పాయ, ఆటుపోటులు కలది. ఈశాన్యపు గాలి వీచుచుండుటచే ఆంగ్లనౌకలు ఆ పాయలోనికి రాలేకుండెను. గాలి మాఱి నౌకలు వచ్చి దారి మూసినచో విప్లవము ఆ యేడే ముగిసియుండెడిది.

దొరకిన పడవలన్నియు కూర్చిరి. మార్బుల్‌హెడ్ పటాలమునకు, సేలం ప్రాంతపు నావికులతో నిండిన మఱియొక పటాలమునకు వానిని అప్పగించిరి. చీకటి పడినది మొదలు రేవునుండి రేవునకు రాకపోకలు సాగెను. దీపము లేదు, మాట లేదు. ఎదురుగాలిచే మొదట తెరచాపలు పనికిరాలేదు, తెడ్లే శరణ్యమయ్యెను. నడిరేయికి కొంచెము ముందు గాలి నైరృతికి తిరుగగా చాపలెత్తిరి. శత్రువులకు వినబడకుండ, అంచువఱకు మనుష్యులతో, గుఱ్ఱములతో, మందుగుండుతో నిండిన పడవలను పోటుపాటులు తెలిసి ఎన్నో మాఱులు నడిపిరి. తెల్లవాఱునప్పటికి ఇంకను కొందరు మిగిలియుండగా పొగమంచు క్రమ్మి వారిని కాపాడెను. ఉదయము ఆంగ్లసైనికులు చూచునప్పటికి గుట్టలు ఖాళీ. బురదలో దిగబడిన కొన్ని పెద్ద ఫిరంగులు తప్ప విలువైనది ఏదియు వెనుక మిగులలేదు.

దీనిని దైవకృప యనువారు కలరు. గాలియు, మంచును మనుష్యుని చేతిలోనివి కావు, నిజమే. కాని గాలి తిరిగిన క్షణమున చాప ఎత్తుటకు చాపకడ మనిషి యుండవలెను కదా! గాలి అందఱికిని వీచును; అది దారి తెలిసినవానికే తోడగును.

అక్టోబరు 18న పెల్స్ పాయింటు కడ గ్లోవరు సుమారు 750 మందితో రాతిగోడల చాటునుండి ఎన్నో రెట్లు పెద్దదైన శత్రుదళమును దినమంతయు ఆపెను. ఆ దినము అతని స్వంత పటాలము వెనుక ఫిరంగులకడ కావలియై నిలిచెను. వాషింగ్టను సైన్యము క్షేమముగ వెనుకకు తగ్గుటకు ఆ దినము పనికివచ్చెను.

రెండవ రాత్రి డిసెంబరు 25. అప్పటికి ఓటమిపై ఓటమి. సైనికుల ఒప్పందములు నెలాఖరుతో ముగియనుండెను. జనవరిలో సైన్యమే యుండదేమోనని సేనాని భయము. డెలవేరు నదికి ఆవల ట్రెంటను పట్టణమున ఆంగ్లేయులు జీతమునకు తెచ్చిన హెస్సియను సైనికులు సుమారు 1,500 మంది దిగియుండిరి. వారిపై పడుటకు 2,400 మందిని, 18 ఫిరంగులను, గుఱ్ఱములను ఒక రాత్రిలో నది దాటింపవలెను.

మెకాంకీ రేవుకడ నది వెడల్పు వేయి అడుగులకు మించదు. కాని మంచుగడ్డలు ప్రవాహవేగముతో వచ్చి పడవలను కొట్టుచుండెను. సైనికులను డర్హాము పడవలలో ఎక్కించిరి. ఇనుమును మోయుటకు కట్టిన పడవలవి. 40 నుండి 60 అడుగుల పొడవు, చదునైన అడుగు. గడలతో, తెడ్లతో నడపవలెను. గోదావరిపై గడవేసి సరకుపడవను నడుపుట చూచినవారికి ఆ శ్రమ కొంత తెలియును. ఆ శ్రమకు మంచుగాలిని, చీకటిని, వడగండ్లను కలుపుకొనవలెను. ఫిరంగులను, గుఱ్ఱములను వెడల్పైన రేవుబల్లకట్లపై దాటించిరి. మార్బుల్‌హెడ్‌వారికి తోడుగా ఆ రేవు పడవవారును, ఫిలడెల్ఫియానుండి వచ్చిన నావికులును పనిచేసిరి. నడిరేయికి ముగియవలసిన పని తెల్లవాఱుజామున మూడింటికి ముగిసెను. ఆలస్యమయ్యెను కాని, ఒక్క ఫిరంగియు నీటిపాలు కాలేదు.

ఆ రాత్రియే వేఱు రెండు దళములు దిగువ రేవులలో నది దాటబూనెను. ఒకటి దాటనే లేకపోయెను. మఱియొకటి మనుష్యులను దాటించెను కాని, మంచుచే ఫిరంగులను దింపలేక అందఱిని వెనుకకు రప్పించెను. అదే నది, అదే రాత్రి, అదే మంచు. తారతమ్యమునకు కారణములు పెక్కు ఉండవచ్చును. వానిలో తెడ్డు పట్టిన చేతుల నేర్పొకటి యని మేము నమ్ముదుము.

ఆ చేతులు దాటించి ఊరకుండలేదు. తొమ్మిది మైళ్లు మంచులో నడచి, ఉదయము ఎనిమిదింటి వేళ ట్రెంటనులో పోరాడిరి. శత్రువు పాఱిపోవుటకు దారియైన అసన్‌పింక్ వాగు వంతెనను పట్టుకొన్నవారు గ్లోవరు మనుష్యులే. సుమారు 900 మంది హెస్సియనులు బందీలైరి. పిదప ఆ బందీలను, పట్టిన ఫిరంగులను మరల అదే నదిపై ఈవలికి చేర్చుటయు పడవవారి పనియే అయ్యెను. నిద్ర లేని ఆ దినమున వారెన్ని మాఱులు నది దాటిరో లెక్క వ్రాసినవారు లేరు.

డిసెంబరు 31 వచ్చెను. వారి సంవత్సరపు ఒప్పందము ముగిసెను. మఱి ఆఱు వారములు ఉన్నచో తలకు పది డాలర్లు ఇత్తుమని సేనాని సైన్యమును వేడుకొనెను. కొందరు పటాలములవారు నిలిచిరి. మార్బుల్‌హెడ్‌వారిలో ఎక్కువమంది నిలువలేదు. మూటలు కట్టుకొని ఇంటిదారి పట్టిరి. పదునాల్గవ పటాలము చరిత్రలో అంతటితో ముగిసెను.

ఇచ్చటనే చరిత్రకారుల కలము కొంచెము తడబడును. నది దాటించినవారిని కీర్తించినవారికి, ఇంటికి పోయినవారిని ఏమనవలెనో తోచదు. వారు సొమ్మునకు ఆశపడిరని కొందరందురు. శత్రువుల ఓడలను పట్టి పాలు పంచుకొను స్వతంత్ర యుద్ధనౌకలు వారిని పిలుచుచుండిన మాట వాస్తవము. కాని మేము అడుగునదేమనగా: చేపల వేట లేని ఊరిలో భార్యాబిడ్డలను విడిచి యేడాదికి మాట యిచ్చి, ఆ యేడాదిని చివరి దినము వఱకు చెల్లించినవాడు బాకీపడునా? వారు పాఱిపోలేదు. బెస్తవాడు ఓడ ఎక్కునప్పుడు ఇన్ని నెలలని ఒప్పుకొనును. ఆ నెలలలో ప్రాణమునైన ఇచ్చును. అవి తీఱిన పిమ్మట దిగును. వారు యుద్ధమునకును అట్లే వచ్చి, అట్లే దిగిరి. వారిని వీరులుగ మాత్రమే చూడగోరువారికి ఈ దిగుట కష్టముగ నుండును. పనివారుగ చూచినచో ఎక్కుటయు, దిగుటయు ఒకే నీతిగా కనబడును.

ఇంటికి పోయినవారికి సుఖమును దక్కలేదు. ఎందరో యుద్ధనౌకలెక్కి సముద్రముననే యుద్ధము సాగించిరి. చిక్కినవారు ఇంగ్లండున ప్లిమత్తు కడ మిల్ చెఱసాలలోను, న్యూయార్కు రేవున కుళ్లిన చెఱఓడలలోను మ్రగ్గిరి. ఆ చెఱఓడలలో వేలమంది బందీలు మరణించిరి. 1783లో సంధి కుదిరిననాటికి మార్బుల్‌హెడ్ ఓడలు చితికి, ఇండ్లు విధవలతోను, తండ్రి లేని పిల్లలతోను నిండెను. గ్లోవరు 1777లో బ్రిగేడియరు జనరలు అయ్యెను. మఱుసటి సంవత్సరమే భార్యను కోల్పోయెను. ఆరోగ్యము చెడి 1782లో సైన్యమును విడిచి, 1797లో మరణించెను. 1875లో బోస్టను నగరమున అతని శిలావిగ్రహము కాదు, కంచువిగ్రహమే నిలిపిరి.

తెడ్డు పట్టినవారికి విగ్రహము లేకపోయినను, ఒక చోట వారి మాట మిగిలియున్నది. 1818లో అమెరికా ప్రభుత్వము పేదలైన పాత సైనికులకు పింఛను చట్టము చేసెను. 1820లో మఱియొక చట్టము వచ్చి, పింఛను కోరువాడు న్యాయస్థానమున తన ఆస్తి పట్టికను దాఖలు చేయవలెనని విధించెను. కట్టుబట్టలు, పడకబట్టలు తప్ప తక్కినవన్నియు చెప్పవలెను. 1832లో నియమములు సడలెను. అట్లు నలువది, ఏబది యేండ్ల పిదప ముసలివారు న్యాయాధికారి యెదుట నిలిచి, ఏ దళములో నుంటిమో, ఏ నది దాటితిమో, ఎవరిని చూచితిమో ప్రమాణము చేసి చెప్పిరి. మంచుముద్దల జగడమును చెప్పిన ట్రాస్కు మాటయు అట్టి పింఛను వాఙ్మూలమే. చదువురాని వృద్ధులు వ్రేలిముద్రకు బదులు అడ్డగీత గీచిరి.

తాము పేదలమని ఋజువు చేసికొనుటకై చెప్పిన మాటలు, వారు దేశమును దాటించిరనుటకు ఋజువులై మిగిలినవి. ఇకమీద ఆ చిత్రపటము కంటబడినప్పుడు నిలిచియున్న సేనానికి నమస్కరింతము. అతడు దానికి తగినవాడే. పిమ్మట చూపును కొంచెము క్రిందికి దింపి, నడుము వంచి తెడ్డు వేయుచున్నవానిని కూడ చూతము.